ముఖం మార్చిన బొమ్మ

విజయనగరం,
జూన్ 9.

లక్ష్మణక్కకి,

నీ చెవిటి తమ్ముడు గిరిబాబు రాసుకునేది. ఫోను చెవికి ఆనించుకుంటే నాకు హోరు తప్ప మాట వినపడదని తెలుసు కదా, ఫోనులో మెసేజీలు కొట్టడం మనిద్దరికీ రాదు. అందుకని మొన్న తవిటమ్మకి ఫోను చేసి "మావోడు అన్నం తింటన్నాడా" అని అడిగావట. తింటున్నాను తల్లీ. మ్యూజియంలో గదులు తుడిచే తవిటమ్మ సాయంత్రం మా ఇంటికొచ్చి నాకింత వండిపెట్టి పోతోంది. ఇప్పుడు నాకు చెవులు కూడా ఆవిడే. ఎవరేమన్నా నా చెవి దగ్గర అరిచి చెబుతుంది.

అసలు సంగతి విను. నా బొమ్మలకి మ్యూజియం వాళ్ళు ఒక పెద్ద గది ఇచ్చారు! ఆగస్టు మొదట్లో ప్రదర్శన. ఉద్యోగమంతా బళ్ళో పిల్లలకి కుండా మామిడిపండూ గీయడం నేర్పిన డ్రాయింగు మాస్టారికి ఈ వయసులో ఇది పట్టింది. అన్నీ మనుషుల బొమ్మలే, అన్నీ బొగ్గుతో గీసినవే, నిలువెత్తువి. వేసవిలో నీ ఇంట్లో తిష్ఠవేసి, నీ హోటలుకి భోజనానికొచ్చే డ్రైవర్లనీ, క్లీనర్లనీ, లారీ తొట్లు కట్టే వడ్రంగులనీ గీశానే, అవి. ప్రదర్శనకి 'సాలూరు మనుషులు' అని పేరు పెట్టాం.

అన్నిట్లోకీ మంచిది ఏదో చెప్పనా? నీ పెరటి గదిలో అద్దెకున్న డ్రైవరు భార్య కుమారి. పెరటి మెట్టు మీద కూర్చుని, చీర అంచు గడ్డం కింద నొక్కిపట్టి, రెండు చేతులూ బారచాపి మడత పెడుతూ ఉంటుంది. కడుపుతో ఉంది గానీ ఒళ్ళో పరుచుకున్న చీర వల్ల అది కనపడదు. వెనక నీ పెరటి తలుపు. పాత లారీ చెక్కతో చేయించావే, దానిమీది తామరపువ్వుతో సహా గీశాను. ఈ బొమ్మని గుమ్మానికి ఎదురుగోడకి పెట్టిస్తున్నాను. లోపల కాలుపెట్టిన ప్రతివాడికీ ముందు ఆ పిల్లే కనపడాలి.

నువ్వు హోటలు మూసేసైనా రావాలి. రాకపోతే జన్మలో నీ ఇంటి గడప తొక్కను.

గిరి


సాలూరు,
జూన్ 14.

ఒరే గిరీ,

లారీ డ్రైవరు త్రినాథ్ మన హోటలు ముందు బండి ఆపి నీ ఉత్తరం ఇచ్చాడు. గడప తొక్కనంటావు గానీ, నా చేపల పులుసు వాసనొస్తే విజయనగరం నుంచి నడిచొచ్చే రకం నువ్వు. బెదిరింపులు తగ్గించుకో.

ఉత్తరం భోజనాల దగ్గర పైకి చదివాను. అందరూ మా బొమ్మలంటే మా బొమ్మలని ఎగిరారు. ఒక క్లీనరు మాత్రం "బతికున్నోల్ని గోడకి యేలాడదీస్తారేటి పిన్నీ, పోయినోల్నే గదా!" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత అంట్లు తోముకుంటుంటే ఆ మాట మళ్ళీ చెవిలో పడినట్టయింది. మన ఇళ్ళల్లో పెద్ద పటం కట్టించేది పోయినవాళ్ళకే కదరా. నాన్నది అలాగే కట్టించాం.

సరే, అది వదిలెయ్. ఒక్క మాట. ఆ కుమారి బొమ్మ మాత్రం పెట్టకు. సిగ్గరి పిల్ల. మొగుడు వెంకటసాయికి కూడా ఇష్టం లేదు. మిగతావి నీ ఇష్టమొచ్చినట్టు పెట్టుకో. చాలా బొమ్మలున్నాయి కదా, ఒకటి లేకపోతే నీ గది ఏమీ బోసిపోదు.

కీళ్ళనొప్పులకి తైలం త్రినాథ్ చేత పంపుతున్నాను. రాసుకో, సీసా చూస్తూ కూర్చోకు.

అక్క


విజయనగరం,
జూన్ 20.

అక్కా,

తైలం అందింది. నీ సలహా కూడా అందింది. తైలం పనిచేస్తోంది.

సిగ్గరి పిల్లా? నేను వడ్రంగులని గీస్తుంటే తనంతట తనే వచ్చి నా ముందు నిలబడింది. నాకు మాట వినపడదు గానీ పెదాలు చూసి పోల్చుకుంటాను. "నన్ను గియ్యరేటి మాస్టారూ" అంది. కూర్చోమన్నాను. కూర్చున్నాక ఇంకో మాట అంది. "నన్ను బతికున్నట్టు గియ్యండి." ఇదేం మాట అని నవ్వేశాను. ఆ పిల్ల నవ్వలేదు. అడిగి గీయించుకున్న మనిషి ఇప్పుడు వద్దంటోందా, లేక నువ్వే వద్దంటున్నావా?

మొగుడికి ఇష్టం లేదంటే నేను ఊరుకోను. అతనెవరు? కూర్చున్నది ఆ పిల్ల, గీసింది నేను. పేరు రాయడం లేదు, ఊరు తప్ప వివరం లేదు. మ్యూజియం ఆఫీసరు ఆ బొమ్మ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు తెలుసా? నా బతుకులో ఒక్క బొమ్మ కుదిరిందక్కా. ఒక్కటి. దాన్ని చాపకింద పెట్టమంటే నావల్ల కాదు.

కోపం తెచ్చుకోకు.

గిరి


సాలూరు,
జూన్ 24.

గిరీ,

దీన్ని ఒక్కడివే చదువు. తవిటమ్మకి కూడా చూపించకు.

ఆ పిల్ల పేరు కుమారి కాదు, దుర్గాభవాని. నరసన్నపేటలో బట్టల కొట్టు నరసింగరావు గారి కూతురు. ఇద్దరన్నల తర్వాత పుట్టిన పిల్ల. కొట్టుకి సరుకు తెచ్చే లారీ డ్రైవరు మన వెంకటసాయి. వెంకటసాయి వాళ్ళు పొలం చేసుకునేవాళ్ళు, ఆ పిల్ల వాళ్ళు వ్యాపారస్తులు. ఒప్పుకోరని తెలిసి ఇద్దరూ వెళ్ళిపోయి పెళ్ళి చేసుకున్నారు.

మర్నాడే ఆ తండ్రి కూతురు పోయిందని తలస్నానం చేశాడు. కార్డులు కొట్టించి బంధువులకి పంచారు. పన్నెండోనాడు ఊరందరికీ భోజనాలు పెట్టారు. ఆ పిల్ల ఫోటో పెద్దది చేయించి, దండ వేసి, కొట్లో తగిలించారు. రోజూ పొద్దున్న కొట్టు తెరవగానే దానికి అగరుబత్తి వెలిగిస్తారట. బతికున్న పిల్లకి, గిరీ!

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ పిల్ల పెద్దన్న ధనరాజ్, వెంకటసాయి స్నేహితుణ్ణి బజార్లో పట్టుకుని అన్న మాట ఆ స్నేహితుడే వచ్చి నాకు చెప్పాడు. "మా సెల్లి పోయిందని ఊరంతటికీ తెలుసు. పోయినోల్ని మళ్ళీ సంపితే కేసేటుంటాది?" అన్నాడట.

అప్పటినుంచి వీళ్ళని నా పెరటి గదిలో దాచుకున్నాను. కుమారి అని పేరు పెట్టింది నేనే. నీకెందుకు చెప్పలేదంటావు, అదీ చెబుతాను. నీకు ఏ రహస్యం చెప్పాలన్నా వీధి చివరిదాకా వినపడేలా అరవాలి.

బతికున్నట్టు గియ్యమని ఎందుకందో ఇప్పుడు తెలిసిందా? ఆ పిల్ల ఆశపడింది. చిన్నపిల్ల, దానికి తెలీదు. నువ్వు పెద్దవాడివి. దించెయ్.

అక్క


విజయనగరం,
జులై 2.

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తర్వాత నీమీద కోపమొచ్చింది. ముందే చెబితే ఆ పిల్లని గీసేవాణ్ణే కాదు కదా! తర్వాత నామీద నాకే కోపమొచ్చింది. రెండు రోజులు తవిటమ్మ వండింది వండినట్టే ఉంది.

బొమ్మ దించడానికే వెళ్ళాను. గోడకి ఆనించి ఉంది. ముందు నిలబడ్డాను. చెయ్యి వేయలేకపోయాను. దాచి ఏం ప్రయోజనం, నువ్వు తిట్టుకున్నా నిజమే చెబుతాను.

కానీ ఊరికే వదల్లేదు. ముఖం మార్చేశాను. బొగ్గు చెరగకుండా పైన మందు కొట్టేసి ఉంది కాబట్టి బ్లేడుతో గీకి, తెల్లకాగితం బయటపడ్డాక మళ్ళీ గీశాను. ముక్కు వెడల్పు చేశాను. కళ్ళు చిన్నవి చేశాను. బుగ్గలు పూడ్చి, నుదురు తగ్గించాను. పదేళ్ళ వయసు పెంచాను. నిలబెట్టి తవిటమ్మని అడిగితే "ఈయమ్మెవురు, కొత్తగా గీసేరేటి" అంది. ఇప్పుడది ఎవరి ముఖమూ కాదు. కన్నతల్లి వచ్చి చూసినా పోల్చుకోలేదు.

చేతులు మాత్రం ముట్టుకోలేదు. కూర్చున్న తీరూ ముట్టుకోలేదు. అవి కూడా మారిస్తే ఇక బొమ్మ ఎందుకు?

నువ్వు నిశ్చింతగా ఉండు. ఆ పిల్లకి నెలలు నిండినట్టున్నాయి, జాగ్రత్తగా చూసుకో.

గిరి


సాలూరు,
జులై 25.

గిరీ,

ఆడపిల్ల పుట్టింది. తల్లీపిల్లా క్షేమం. పార్వతీపురం ఆసుపత్రికి తీసుకెళ్ళి వేరే పేరుతో చేర్పించాం. పిల్ల ఏడుపు గట్టిది. ఇంత గట్టిగా ఏడిస్తే పెరటి గది రహస్యం ఎన్నాళ్ళు దాగుతుందని భయంగా ఉంది. ఉయ్యాలలో వెయ్యడానికి ఇరవై ఒకటో రోజు దాకా ఆగాలంటే భవాని వినడంలేదు, తన పాత నేతచీర తీసి వసారా దూలానికి ఉయ్యాల కట్టేస్తానంటోంది.

అన్నలకి బిడ్డ సంగతి తెలియకూడదు. తెలిస్తే ఆగరు. చెల్లెలు ఒక్కతే అయితే ఏదో ఒక రోజు విసిగి వదిలేస్తారనుకున్నాను. ఇప్పుడు వాళ్ళ ఇంటి పరువు ఇంకో తరం నడుస్తుందని లెక్క వేస్తారు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదువుకున్నాను. నేను ముఖం మార్చమనలేదు, బొమ్మే వద్దన్నాను. నువ్వు కాపాడింది ఆ పిల్లనా, నీ బొమ్మనా? నాకు అర్థం కాలేదు. ప్రారంభానికి నేను రాను. బాలింతని వదిలి రాలేను. ఒట్టు పెట్టుకుని అడుగుతున్నాను, ఇంకా టైముంది, దించెయ్.

అక్క


విజయనగరం,
ఆగస్టు 8.

అక్కా,

నిన్న తవిటమ్మ చేత నీకు ఫోను చేయించాను. ఆ పిల్లని, బిడ్డని వెంటనే పంపెయ్యమని చెప్పించాను. ఎందుకో ఆవిడకి చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

ప్రారంభం బాగా జరిగింది. మొన్న పేపర్లో నన్ను ఆ బొమ్మ పక్కన నిలబెట్టి ఫోటో వేశారు. పేపరు కత్తిరించి దాచుకున్నాను కూడా. సిగ్గులేనివాణ్ణి.

నిన్న పన్నెండు గంటల వేళ ఒక పెద్దాయన వచ్చారు. తెల్లపంచె, భుజాన కండువా, నుదుట బొట్టు. బయట కారు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. ఆయన మిగతా బొమ్మలవైపు తల తిప్పలేదు. నేరుగా వెళ్ళి దాని ముందు నిలబడ్డారు. ఎంతసేపు నిలబడ్డారంటే, నాకు గర్వంగా అనిపించింది. దగ్గరికి వెళ్ళాను. ఆయన ఏదో అడిగారు. పెదాలు సరిగ్గా కదపడంలేదు, నాకు అందలేదు. తవిటమ్మని పిలిచాను.

తవిటమ్మ నా చెవిలో అరిచింది. "బాబూ, ఆ ముఖం ఎందుకు మార్చీసేరని అడుగుతన్నారు!"

గదిలో ఉన్నవాళ్ళంతా మావైపు తిరిగారు. ముఖం మార్చడమేమిటి, అది ఊహించి గీసిన బొమ్మ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. తన గడ్డం కింద కండువా అంచు నొక్కిపట్టి, రెండు చేతులూ బారచాపి మడత పెట్టి చూపించారు. అచ్చం అలాగే, అక్కా. ఆ మణికట్టు తిప్పడం కూడా అదే. తర్వాత మాట్లాడారు, తవిటమ్మ అరిచింది.

"అంచు గెడ్డం కింద పెట్టి మడత పెట్టడం నానే నేర్పినాను. దానికి ఆరేళ్ళప్పుడు. మా కొట్లో గుమస్తాలకి కూడా అలగ రాదు. ముకం మా అమ్మాయిది కాదు బాబూ. మిగతాదంతా మా అమ్మాయే."

ఆయన కళ్ళు నిండిపోయి ఉన్నాయి. కోపం లేదు. అది చూసి నాకు ఇంకా భయం వేసింది. ఊహ అని మళ్ళీ అన్నాను. ఆ అమ్మాయి ఎక్కడుందని ఆయన అడిగితే నాకు తెలీదన్నాను. ఆయన బొమ్మలో తలుపు వైపు చూపించారు. ఈసారి పెదాలు స్పష్టంగా కదిపారు, తవిటమ్మ అక్కర్లేకపోయింది. "ఇది లారీ సెక్క గదా. సాలూర్లో లారీ సెక్కతో తలుపున్న ఇల్లు ఎతకడానికి ఎంతసేపు పడతాది?"

ఈలోగా కుర్రాళ్ళిద్దరూ లోపలికొచ్చి ఆయన వెనక నిలబడ్డారు. ఆయన వాళ్ళని చూసి మాట ఆపేశారు. కానీ పెద్దవాడు తండ్రి వేలు ఎటు చూపిస్తోందో చూశాడు. ఫోను తీసి బొమ్మని ఫోటో తీసుకున్నాడు. ముందు మొత్తం తీసుకున్నాడు, తర్వాత తలుపు ఒక్కటే తీసుకున్నాడు.

ముఖం చూసి మనిషిని పోల్చుకునేది పరాయివాళ్ళక్కా. కన్నవాళ్ళకి ముఖం అక్కర్లేదు. ఇన్నాళ్ళు బొమ్మలు గీసినవాణ్ణి, ఈ సంగతి నాకు తెలియాలి.

వాళ్ళు వెళ్ళగానే బొమ్మ దించేశాను. ఏం లాభం? నువ్వు క్షేమంగా ఉన్నావని ఒక్క ముక్క రాయి.

గిరి


సాలూరు,
ఆగస్టు 11.

గిరీ,

నేను బాగానే ఉన్నాను. ఫోను రాగానే ముగ్గురినీ లారీ ఎక్కించేశాను. ఎక్కడికో నీకు రాయను. వాళ్ళు వెళ్ళిన కాసేపటికే కారు వచ్చింది.

ముగ్గురు దిగారు. కొడుకులిద్దరూ నన్ను తోసుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు. తలుపు మీద తామరపువ్వుని ధనరాజ్ చేత్తో తడిమి, ఫోనులో చూసుకుని తల ఊపాడు. గది తలుపు తన్ని తీశారు. మంచం తిరగేశారు, గిన్నెలు విసిరారు. "ఏటి ముసల్దానా, ఎక్కడ దాసేవు? మా సెల్లిని మాకప్పగించు. ఇంటికి తీసుకెల్తాం, అంతే" అన్నాడు. ఆ 'అంతే' అన్నప్పుడు నవ్వాడు. "మీ సెల్లి పోయిందని కార్డులు పంచేరు గదా, ఇంకెక్కడుంటాది?" అన్నాను. నోరు జారింది. కొడతాడనుకున్నాను.

తండ్రి వాళ్ళతో లోపలికి వెళ్ళలేదు. వసారాలో నిలబడ్డాడు. అక్కడ దూలానికి చీర ఉయ్యాల వేలాడుతోంది. హడావుడిలో విప్పడం మర్చిపోయాం. కొడుకులు గదిలో ఉన్నారు, ఇంకో నిమిషంలో బయటికొస్తారు.

ఆయన ఉయ్యాలలోకి తొంగి చూశాడు. లోపల పిల్లకి పరిచిన మెత్తటి గుడ్డ ఒకటుంది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత ఉయ్యాల ముడి విప్పాడు. అంచు గడ్డం కింద నొక్కిపట్టి చకచకా మడత పెట్టేశాడు. గుడ్డా చీరా కలిపి తన కండువా కింద చంకలో పెట్టుకున్నాడు. కొడుకులు బయటికొచ్చేసరికి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. "ఏటీ నేదా? అయితే పదండి" అన్నాడు.

వెళ్ళేటప్పుడు వాళ్ళు కారెక్కాక ఒక్క క్షణం వెనక్కి వచ్చి "మగబిడ్డా, ఆడబిడ్డా?" అని అడిగాడు. చెప్పాను. "నానున్నన్నాళ్ళు వీల్లు ఈ గుమ్మం తొక్కరమ్మా. అంతవరకే సెప్పగలను" అన్నాడు.

కూతురికి కర్మ చేసినవాడు, గిరీ. తిట్టుకుందామంటే నోరు రాలేదు.

అక్క


విజయనగరం,
అక్టోబరు 17.

అక్కా,

ఇది అందగానే చదువు. తవిటమ్మ పనిమీద వాళ్ళ ఊరెళ్ళింది, ఈ సంగతి నమ్మి చెప్పి ఫోను చేయించడానికి ఇంకో మనిషి లేదు.

నరసింగరావు గారు పోయారు. గుండెపోటు. పన్నెండోనాడు ఎల్లుండి.

ఈ సంగతి నాకు వారం కిందటే తెలుసు. నీకు రాయలేదు. ఎందుకు రాయలేదంటే, నేను ఆయన బొమ్మ గీస్తూ కూర్చున్నాను. కొడుకులిద్దరూ గుండుతో వచ్చారు. ఎంత మర్యాదగా ఉన్నారో! నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయారు. నాన్నగారు మీ బొమ్మ ముందు నిలబడి ఏడ్చారు, ఆయన బొమ్మ మీరే గీయాలి, కర్మకి పెట్టుకుంటాం అన్నారు. తవిటమ్మే అరిచి చెప్పింది. చావింటి పని కాదనలేకపోయాను. కాదంటే ఇంకా ఏదో దాస్తున్నానని అనుకుంటారని కూడా అనిపించింది. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నవి. ఆయన్ని గీయాలని నాకే ఉంది. నీ ఉత్తరం చదివినప్పటినుంచీ ఉంది.

ఫోటో ఇచ్చారు గానీ దాన్ని పక్కన పెట్టేశాను. ఆ రోజు కూతురి బొమ్మ ముందు నిలబడ్డప్పుడు ఆయన కళ్ళు ఎలా ఉన్నాయో అలాగే గీశాను. ఎదుట కూతురు ఉన్నట్టు, పిలుద్దామా వద్దా అన్నట్టు చూస్తారు. దానికన్నా బాగా నేనేదీ గీయలేదు.

మూడు రోజుల కిందట వచ్చి తీసుకెళ్ళారు. కాసేపు కదలకుండా చూసి, ధనరాజ్ తవిటమ్మతో ఏదో అన్నాడు. ఆవిడ నాకు చెప్పడానికి ఎందుకో తటపటాయించింది. గుచ్చి గుచ్చి అడిగితే నిన్న ఊరెళ్ళే బస్సెక్కుతూ చెప్పింది.

"ఈ బొమ్మ సూస్తే మా సెల్లి ఏ మూల ఉన్నా ఆగనేదు. ఒస్తాది. అందుకే ఈయన సేత గీయించేం" అన్నాడట.

అక్కా, ఆ పిల్లకి తండ్రి పోయిన సంగతి చెప్పకు. కర్మ అయిపోయేదాకా ఆయన బతికే ఉన్నాడనుకోనీ. పాపమైతే నాకు చుట్టుకోనీ. ఆ పిల్ల చేతికి ఫోను ఇవ్వొద్దని వెంకటసాయితో చెప్పు. ఆయన మాట ఇచ్చింది తను ఉన్నన్నాళ్ళకే. ఇప్పుడు ఆయన లేడు.

గిరి


సాలూరు,
అక్టోబరు 19, ఉదయం.

గిరీ,

నీ ఉత్తరం ఇప్పుడే చేతికొచ్చింది. దారిలో లారీ చెడిపోయి త్రినాథ్ రాత్రంతా రోడ్డు మీదే ఉన్నాడట. ఈ కాగితం వాడి చేతికే ఇచ్చి, తిన్నగా నీ ఇంటికి తోలమంటున్నాను.

ఇక దాచి ఏం లాభం, వాళ్ళని పాతపట్నం దగ్గర, ఎవరికీ తెలియకుండా వెంకటసాయి తల్లికి చూసిన అద్దె ఇంట్లో ఉంచాను. ఇప్పుడే ఆవిడ ఫోను చేసి ఏడ్చింది. నరసింగరావు గారి కొడుకులు నువ్వు గీసిన బొమ్మని ఫోటో తీసి, కర్మ వివరాలు రాసి వాట్సాప్‌లో ఊరూరా తిప్పుతున్నారట. నిన్న సాయంత్రం అది ఆ పిల్ల ఫోనుకి కూడా వచ్చింది. వెంకటసాయి లారీ మీద రాయగడ వెళ్ళి ఉన్నాడు.

ఆ పిల్ల ఏడవలేదట. ఫోను ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చుందట. "మా నాన్న నన్నే సూస్తన్నాడత్తా. నన్ను రమ్మంటన్నాడు" అందట. అత్తగారు ఎంతో చెప్పి పడుకోబెట్టింది. తెల్లారి లేచి చూస్తే పక్కలో బిడ్డ ఉంది, తల్లి లేదు. బిడ్డకి పాలు పట్టి, పక్కన దిండు అడ్డం పెట్టి వెళ్ళింది. మొదటి బస్సుకి నరసన్నపేట వైపు ఎక్కిందని బడ్డీకొట్టువాడు చెప్పాడు.

పోలీసు స్టేషనుకి ఫోను చేశాను. "తండ్రి కర్మకి కూతురు ఎల్తే తప్పేటమ్మా" అన్నారు.

దాని ఫోనుకి చేస్తూనే ఉన్నాను. మోగి మోగి ఆగిపోయింది. ఇది రాస్తుంటే ఎవరో ఎత్తారు. మగ గొంతు. వెనకాల మంత్రాలు వినపడుతున్నాయి. భవానికి ఇవ్వండి అన్నాను. మంత్రాలు సాగుతూనే ఉన్నాయి. తర్వాత ఫోను ఆపేశాడు. మళ్ళీ చేస్తే కలవడంలేదు.

నేను దొరికిన బండి ఎక్కి బయల్దేరుతున్నాను. నాకంటే నరసన్నపేట నీకే దగ్గర. నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్ళు. చెప్పులేసుకోవడానికి కూడా ఆగకు.

అక్క